సాయిలు చేతికి నేనిచ్చిన ప్యారలల్

ఒక మనిషి కుడిచేతిని నేను పాడుచేశాను. కత్తితో కాదు, కర్రతో కాదు, పిల్లలాడుకునే వీడియో గేమ్‌తో. ఆ చెయ్యి పరాయివాడిదీ కాదు, నా సొంత బామ్మర్దిది. పైగా బాగుచేద్దామనే కూర్చున్నాను. ఈ సంగతి విన్నవాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత నన్ను తిడతారు. మీరూ అదే వరుసలో కానివ్వండి. మా ఇంట్లో రోజూ జరిగేదే.

ఏదో కుర్రతనంలో చేసిన ఘనకార్యం అనుకునేరు. అప్పటికే నాకు అరవై దాటాయి. అప్పటి నేననే ఆ మనిషి ఇప్పటి నాకంటే కొన్నేళ్లు చిన్నవాడు, అంతే. తెలియక చేశాడు పాపం అని జాలిపడటానికి కూడా వీల్లేదు, అన్నీ తెలుసనుకుని చేశాడు. వాణ్ణి ఇప్పుడు పట్టుకుని రెండు పీకుదామంటే నా చెంపే దొరుకుతుంది.

మేడ్చల్‌లో రైలు గేటు దగ్గర నాకో రేడియో, టీవీ రిపేరు షాపు ఉండేది. బడి నన్ను తొందరగానే వదిలించుకుంది. ఆ తర్వాత పగిలిన ట్రాన్సిస్టర్ రేడియో ఒకటి నాకు పంతులైంది, కరెంటు షాకు బెత్తమైంది. టంకం పెట్టడం దగ్గర్నుంచి పిక్చర్ ట్యూబు మార్చడం దాకా నాకు నేనే నేర్పుకున్నాను. అందుకని గోడకు సర్టిఫికెట్లు తగిలించుకున్నవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఇప్పటికీ మంటే. ఒక్కరి విషయంలో మాత్రం చల్లారింది, ఆమె సంగతి వస్తుంది.

నాకు పేరు తెచ్చింది రిపేరు కాదు, ప్యారలల్. ఇప్పటివాళ్లకు ఆ మాట తెలియదు కాబట్టి చెబుతున్నాను. కింది ఇంట్లో ఫోను ఉందనుకోండి, దాని తీగకు ఇంకో తీగ అతికించి పై ఇంట్లో ఇంకో ఫోను పెట్టడమే ప్యారలల్. ఒక ఇంటికి కేబుల్ టీవీ వస్తే ఆ వరుసంతటికీ ప్యారలల్. ఒకసారి ఒక ఇంటి కాలింగ్‌బెల్లు నొక్కితే పక్కింటివాళ్లు వచ్చి తలుపు తీసేలా కూడా ఇచ్చాను, అది అనుకుని ఇచ్చింది కాదు. మేడ్చల్‌లో సగం గోడలకు నేను పెట్టిన బొక్కలే. లోకంలో ఏ కష్టం వచ్చినా నాకు ఒకటే తోచేది: ఎక్కడో ఒక తీగ తెగింది, ఇంకోచోటి నుంచి ప్యారలల్ లాగితే సరిపోతుంది.

ఇక సాయిలు. మా ఆవిడ లచ్చమ్మకు తమ్ముడు. శామీర్‌పేట చెరువు మీద చేపలు పట్టి బతికిన మనిషి. వల విసరడంలో సాయిలును మించినవాడు ఆ కట్టమీద లేడు. తాడు ముంజేతికి చుట్టుకుని, వల అంచు కొంచెం పళ్ల మధ్య పట్టుకుని, నడుము అట్లా ఒక తిప్పు తిప్పి వదిలితే ఆ వల గాలిలో గుండ్రంగా విచ్చుకుని నీళ్ల మీద పడేది. లచ్చమ్మ పోసిన ఏ దోసె కూడా అంత గుండ్రంగా రాలేదు. ఈ మాట ఆమె ముందు ఇన్నేళ్లూ అనలేదు, ఎవరో ఒకరు ఇది చదివి వినిపించిన రోజున అన్నట్టే లెక్క.

ఒక పొద్దున చెరువుకట్ట మీద చాయ తాగుతుంటే సాయిలు చేతిలోంచి గ్లాసు జారిపోయింది. పక్కనున్నవాళ్లు నవ్వారు. సాయిలు కూడా నవ్వబోయాడు. నోరు ఒక పక్కకే నవ్వింది.

పక్షవాతం. దవాఖాన నుంచి బయటికొచ్చేసరికి మూతి సర్దుకుంది, కాలు ఈడ్చుకుంటూ అయినా నడిచింది. కుడిచెయ్యి మాత్రం భుజానికి తగిలించిన తడిబట్టలా వేలాడుతూ ఉండిపోయింది. సాయిలుకు పెళ్లాం ఎప్పుడో పోయింది, ఇంట్లో చూసేవాళ్లు లేరు. లచ్చమ్మ ఎవర్నీ అడక్కుండా తమ్ముణ్ణి ఆటో ఎక్కించి మేడ్చల్ తెచ్చేసుకుంది.

మా వీధి చివర చర్చి వెనక గ్రేస్ అని ఒక అమ్మాయి ఉంటుంది. చేతులకూ కాళ్లకూ కసరత్తు చేయించే ఫిజియోథెరపీ చదివింది. రోజూ ఇంటికొచ్చి సాయిలు చేతిని వంచేది, చాపేది, వేళ్లను ఒక్కొక్కటే విప్పేది. మొదటిరోజే సాయిలు అడగాల్సింది అడిగాడు.

"అమ్మా, మళ్ల వల పడ్తనా?"

"పడ్తరని రాసియ్యలేను అంకుల్. పట్టరని కూడ అనను. మెదడుకెళ్లి చేతికి పొయ్యే తొవ్వ కరాబైంది. ఇగ కొత్త తొవ్వ పడాలె. కదులు, కదులు అని మీరు ఎంత అడుగుతే అంత జల్దీ పడ్తది. గీ మొదటి నెలలే ముఖ్యం. ఇవి పోతే మెల్లగైపోతది."

విన్నారుగా, పాత దారి పాడైంది, కొత్త దారి పడాలని ఎంత స్పష్టంగా చెప్పిందో. నా చెవికి మాత్రం ఇట్లా వినిపించింది: తీగ తెగింది, ఇంకో తీగ లాగాలి. ఓస్, ఇంతేనా అనుకున్నాను.

పోయేటప్పుడు గ్రేస్ గుమ్మం దగ్గర ఆగింది. "ఇంట్ల పాత వీడియో గేమ్ ఏదన్న ఉందా అంకుల్? బటన్లు ఒత్తుతే వేళ్లకు మంచిది. మనసు గూడ దానిమీద పడ్తది."

ఉంది. ఎందుకు లేదు? గాజులరామారం నుంచి ఒకాయన రిపేరుకని తెచ్చి, మళ్లీ మొహం చూపించలేదు. షాపు మూసేసిన నాటి నుంచి అది మా అటక మీద దుమ్ము తింటోంది.

ఇక్కడ నేను కొంచెం ఉపన్యాసం ఇస్తాను, ఓపిక పట్టండి. ఇళ్లల్లో ఆడుకునే గేమ్ మొదట వచ్చినప్పుడు డబ్బాలో ఒక్కటే ఆట ఉండేది. టీవీలో రెండు గీతలు, మధ్యలో ఒక చుక్క. చుక్కను గీతతో కొట్టాలి, అంతే. దానికే జనం కళ్లప్పగించి కూర్చునేవాళ్లు. తర్వాత ఎవరో బుద్ధిమంతుడు ఆటను డబ్బా నుంచి విడదీసి ఇంకో చిన్న డబ్బాలో పెట్టాడు. మనవాళ్లు దాన్ని క్యాసెట్ అన్నారు. అందులో టేపూ లేదు, చక్రమూ లేదు, ఒక చిప్పు మాత్రమే, అయినా క్యాసెట్టే. ఆ తర్వాత జపాన్‌వాళ్లు బొమ్మల్ని చకచకా ఉరికించే మిషను చేశారు. దానికి నకళ్లు మన బజారుకొచ్చాయి. అసలుదాంట్లో పెద్ద పెద్ద చిప్పులు వరుసగా కూర్చుంటాయి. నకలుదాన్ని విప్పితే లోపల నల్లటి తారు చుక్క ఒకటి ఉంటుంది, మొత్తం తెలివంతా దానికిందే. ఆ చుక్క పాడైతే ఇక దేవుడు కూడా టంకం పెట్టలేడు. క్యాసెట్ మీద వేలకు వేల ఆటలని బొమ్మ వేసి ఉంటుంది. కూర్చుని చూస్తే ఉన్నవి గుప్పెడు, మిగతావన్నీ వాటికే పేర్లు మార్చినవి. ఓట్లడిగేవాళ్లు కూడా ఇంతకంటే కాస్త సిగ్గుపడతారు. ఇప్పటి కొత్తవాటి సంగతి నన్ను అడక్కండి. ఇంటర్నెట్ లేకపోతే వాటికి బొమ్మే రాదట. డబ్బా మనింట్లో, తాళం వాళ్లింట్లో! సరే, ఉపన్యాసం అయిపోయింది.

మా పాత డబ్బా టీవీకి దాన్ని తగిలించి, చానల్ తిప్పి తిప్పి బొమ్మ పట్టాను. సాయిలు మంచం మీద కూర్చున్నాడు. చేతిలో కంట్రోలర్ పెట్టాను. బొమ్మలో ఒక పొట్టివాడు భుజాన సంచి వేసుకుని ఉరుకుతుంటాడు. గుంతలు దూకాలి, కప్పల్ని తప్పించుకోవాలి, చివర కోట తలుపు తియ్యాలి. సాయిలు వాడికి బుడ్డోడని పేరు పెట్టాడు.

బుడ్డోడు మొదటి గుంతలోనే పడ్డాడు. మళ్లీ పడ్డాడు. పడ్డప్పుడల్లా ఆ మిషను పీ-పీ-పీమని ఒక చావుపాట పాడేది.

"బావా, గీ బుడ్డోనికి గూడ పక్షవాతమొచ్చినట్టుంది," అన్నాడు సాయిలు. అందరం నవ్వాం.

కొన్నాళ్లు అట్లా నవ్వుతూనే ఆడాడు. బొటనవేలు బటన్ మీదికి పోయేది, ఒత్తాలని మొహమంతా బిగుసుకునేది, చెమట పట్టేది, తీరా ఒత్తేసరికి బుడ్డోడు గుంతలో ఉండేవాడు. నెమ్మదిగా సాయిలు నోటివెంట జోకులు తగ్గాయి. ఒకరోజు కంట్రోలర్ పక్కన పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం వద్దన్నాడు. మర్నాడూ వద్దన్నాడు.

వంటింట్లో లచ్చమ్మ నన్ను పట్టుకుంది.

"ఊరందరి టీవీలు జేసినవ్. ఊరందరి ఫోన్లు జేసినవ్. నా తమ్ముని కోసం ఏం జెయ్యనీకి రాదా నీకు?"

"నేనేమన్న దాక్తర్నా?"

"కావు. గని అన్ని నాకే ఎరుక అంటవ్ గదా."

ఆ మాట నాకు పౌరుషం తెప్పించింది. నాకు పౌరుషం వస్తే జరిగేది ఒకటే. అటక మీది నుంచి రెండో కంట్రోలర్ దించాను, సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించాను.

కంట్రోలర్ లోపల ఏముంటుందో చెబుతాను. రబ్బరు బటన్ కింద నల్లటి కార్బన్ బిళ్ల ఉంటుంది. ఒత్తితే అది రెండు రాగి గీతల్ని కలుపుతుంది. ఏ బటన్ ఒత్తారో లోపలి చిప్పు ఒకే తీగ మీద వరుసగా డబ్బాకు చెప్పుకుంటూ పోతుంది. కాబట్టి బయటి తీగకు తీగ అతికిస్తే రెండు చిప్పులూ ఒకేసారి మాట్లాడి కొట్టుకుంటాయి. తెలివితక్కువవాడైతే అక్కడే ఆగిపోయేవాడు. నేను ప్రతి బటన్ దగ్గరా రాగిని గీకి, వెంట్రుకంత తీగలు టంకం పెట్టి, సాయిలు కంట్రోలర్ బటన్లకు నా కంట్రోలర్ బటన్లను నేరుగా కలిపాను. నేను ఒత్తితే సాయిలు ఒత్తినట్టే. తీగల కట్టను మంచం కింది నుంచి పోనిచ్చి, పాత కేబుల్ కోసం గోడకు పెట్టిన బొక్కలోంచి వంటింట్లోకి లాగాను. ఇంత చక్కటి ప్యారలల్ నా జన్మలో ఇవ్వలేదు.

వంటింట్లోంచి టీవీ కనపడదు. దానికీ ఉపాయం ఆలోచించాను. తల దువ్వుకునే అద్దాన్ని తలుపు పక్కన మేకుకు వంచి తగిలించాను. బియ్యం డబ్బా మీద కూర్చుంటే అద్దంలో టీవీ నిండుగా కనపడేది. అద్దం మేర సందు వదిలి గుమ్మానికి పరదా వేసేశాను.

"లే బామ్మర్దీ, గీ ఒక్కసారి ఆడు. మిషన్‌ల కార్బన్ తుడిచిన, ఇగ మంచిగ పన్జేస్తది," అని ముందు గదిలో నమ్మబలికి వచ్చాను.

సాయిలు లేచి కూర్చున్నాడు. ఆట మొదలైంది. నేను ముందుకు ఒత్తాను. బుడ్డోడు వెనక్కి పరుగెత్తాడు!

"అరెరె!" అన్నాను.

అద్దంలో కుడి ఎడమవుతుందన్న సంగతి ఇంత మేధావికి తట్టలేదు. బుడ్డోడు వెనక్కీ ముందుకూ తిరుగుతూ సంతలో తప్పిపోయిన పిల్లాడిలా గింజుకున్నాడు. ఆ పూట ఎట్లాగో గడిపి, నా కంట్రోలర్‌లో కుడి తీగను ఎడమకు, ఎడమ తీగను కుడికి మార్చి టంకం పెట్టాను. మర్నాడు చూడాలి! బుడ్డోడు మొదటి గుంత దూకాడు, రెండోది దూకాడు, కప్ప నెత్తిమీద కాలుపెట్టి దూకాడు.

"ఓ బావా! దూకిండు!" ముందు గదిలోంచి సాయిలు కేక.

"నువ్వు దూకిచ్చినవ్ బామ్మర్దీ!" వంటింట్లోంచి నేను.

లచ్చమ్మ చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. ఆ రోజు సాయిలు అన్నం తిన్నాడు.

ఇక అదే మా ఇంటి సేద్యమైంది. పొద్దున చాయ కాగానే నేను బియ్యం డబ్బా ఎక్కేవాణ్ణి.

"లే, బియ్యం తీయాలె."

"ఆగవే, కప్ప వస్తాంది."

"కప్ప ఆగుతది. ఎసరు ఆగుతదా?"

"బుడ్డోడు సస్తే నీ తమ్ముడు పస్తుంటడు. ఏది గావాలె?"

"అబ్బ, కూసో కూసో. పప్పు మాడితె నువ్వే తిను."

మాడిన పప్పు చాలా తిన్నాను. నాకు దగ్గొస్తే ఆమె నా చేతిలోంచి గుంజుకుని ఆడేది. పిండి చేతులతోనే నాకంటే బాగా ఆడేది, ఆ సంగతి ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

సాయిలు పేరు వీధంతా పాకింది. పక్కిళ్లవాళ్లు వచ్చి చూసి చప్పట్లు కొట్టేవాళ్లు. శామీర్‌పేట నుంచి చెరువు దోస్తులు వచ్చారు. వాళ్లలో యాదగిరి అని, సాయిలుతో కలిసి వల పట్టినవాడు, కళ్లు పెద్దవి చేసుకుని చూశాడు.

"అరే సాయిలూ, గిట్ల ఉరికిస్తున్నవేందిరా! ఇగ ఎండకాలం చెరువు దిగుడే."

సాయిలు ఒక రకంగా నవ్వాడు. సిగ్గుపడుతున్నాడని అనుకున్నాను. మనిషి మొహం చదవడం రాదు నాకు, సర్క్యూట్ ఒకటే చదువుతాను.

గ్రేస్ ఒక్కతే సంతోషపడలేదు. రబ్బరు బంతి చేతిలో పెట్టి ఒత్తమనేది. ఒత్తలేకపోయేవాడు. గ్లాసు పట్టమనేది. జారిపోయేది. ఆట పెట్టమనేది. బుడ్డోడు కోట ముందరి కందకం దాకా ఉరికేవాడు. ఆ అమ్మాయి మొహంలో అయోమయం చూసి నాకు లోలోపల ఎంత సంబరమో! ఒకరోజు నన్ను గేటు దగ్గరికి పిలిచింది.

"అంకుల్, నాకు సమజైతలేదు. గేమ్‌ల వేళ్లు గింత మంచిగున్నయ్. బంతి దగ్గర ఏం లేదు. ఏదో లెక్క తప్పుతాంది."

"లెక్క పుస్తకాలది తప్పుతదమ్మా. మనిషిది తప్పదు," అన్నాను మీసం దువ్వుకుంటూ.

ఆమె గేటు తీసుకుని వెళ్లిపోయింది. ఇప్పుడు తలచుకుంటే ఆ మీసం పీకేసుకోవాలనిపిస్తుంది. అప్పుడు నిజం ఒక్కమాట చెప్పినా సరిపోయేది.

ఆ తర్వాత కొన్నాళ్లకు సాయిలే గ్రేస్‌తో అన్నాడు: "మంచిగైతున్న గదమ్మా. నువ్వు రోజు రాకు. నీకెందుకు తిప్పల." ఆమె ఒప్పుకోలేదు. ఇతను మళ్లీ మళ్లీ అన్నాడు. నేనూ వంతపాడాను, ఇంట్లోనే ఇంత బాగా అవుతుంటే ఇంకెందుకని. ఆమె వస్తుంటే తీగల గుట్టు బయటపడుతుందని నా భయం, మనసు బాగుంటే చెయ్యి అదే వస్తుందని నా ధీమా. రావడం తగ్గించింది, తర్వాత మానేసింది. గీ మొదటి నెలలే ముఖ్యం అన్నదే, ఆ నెలలు మేం బుడ్డోణ్ణి ఉరికిస్తూ గడిపేశాం.

ఒక మధ్యాహ్నం. లచ్చమ్మ కొబ్బరి కోరుతోంది. నేను డబ్బా మీద. ఆ రోజు బుడ్డోడికి ఏ దేవుడు పూనాడో, ఎన్నడూ దాటని కందకం దాటాడు, నిప్పుల వంతెన దాటాడు, కోట తలుపు ముందు నిలబడ్డ రాక్షసుణ్ణి నెత్తిమీద దూకి దూకి చంపాడు. కోట తలుపు తెరుచుకుంది. మిషను ఎన్నడూ వినని పాట ఎత్తుకుంది. నాకు ఒళ్లు తెలియలేదు. అరవై దాటిన మనిషిని, పరదా లాగి పారేసి, కంట్రోలర్ చేత్తో పట్టుకుని, తీగలు గోడలోంచి తోకలా ఈడ్చుకుంటూ ముందు గదిలోకి దూకాను.

"కొట్టినం బామ్మర్దీ! కోట కొట్టినం!"

సాయిలు మంచం మీద కూర్చుని ఎడమచేత్తో జామపండు తింటున్నాడు. కుడిచెయ్యి ఒడిలో పడి ఉంది. కంట్రోలర్ దిండు పక్కన బోర్లా పడి ఉంది.

నా చేతిలోదాని వైపు చూశాడు. తీగల వైపు చూశాడు. నిదానంగా నమిలి మింగాడు.

"కొట్టినవ్ బావా," అన్నాడు. "మంచిగ కొట్టినవ్."

టీవీలో బుడ్డోడు చేతులెత్తి గంతులేస్తున్నాడు. ఆ పాట ఆగదేం! పోయి స్విచ్ కట్టేశాను.

"ఎప్పట్నించి ఎరుక నీకు?"

"మొదటి పొద్దే. బుడ్డోడు ఎనుకకు ఉరికిండు సూడు, గప్పుడే వంటింట్లకెళ్లి 'అరెరె' అన్నవ్. ఆడేది నేనైతే నీకెందుకు 'అరెరె'?"

"మరి అడగవా నన్ను?"

"ఏమని అడగాలె?" జామపండు పక్కన పెట్టాడు. "గ్రేసమ్మ మీకు చాటుంగ జెప్పిందనుకున్న. ఇగ గీ చెయ్యి రాదు, మనిషి మనసు ఖరాబు గాకుండ సూసుకోండ్రి అని. లేకుంటే అక్క, నువ్వు గింత తిప్పలు ఎందుకు పడ్తరు? నాకు ఎరుకైందని తెలుస్తే మీరు ఏడుస్తరని ఊకున్న. పొద్దుకోసారి 'దూకిండు' అని అరిసిన. ఎవలన్న వస్తే వేళ్లు బటన్ల మీద పెట్టిన."

"వస్తదనే చెప్పింది గదరా!"

"నాకు గట్ల జెప్పింది. మీకు ఏం జెప్పిందో నాకెట్ల ఎరుక?"

"మరి ఆ పిల్లను రావద్దంటివి?"

"రాని చెయ్యికి ఆ పిల్లను సతాయించుడు ఎందుకని."

వెనక గుమ్మంలో లచ్చమ్మ కొబ్బరిచిప్ప పట్టుకుని నిలబడి ఉంది. నా చేతిలోని కంట్రోలర్‌నే చూస్తోంది. తిట్టినా బాగుండేది. ఆ చూపు ముందు నేను తిన్న షాకులన్నీ చీమకాట్లు.

చెప్పులు కూడా వేసుకోకుండా చర్చి వెనక్కి ఉరికి గ్రేస్‌ను పిలుచుకొచ్చాను. దారంతా జరిగింది చెప్పాను. నన్ను అరుస్తుందనుకున్నాను. ఆమె మంచం మీద కూర్చుని రెండు కంట్రోలర్లూ తిప్పి చూసింది, టంకాలు చూసింది, గోడలోని బొక్క చూసింది. చాలాసేపు సాయిలు వేళ్లను వంచి చూసింది.

"పని మంచిగ జేసినరు అంకుల్," అంది నాతో. "అడుగుడంతా మీ మెదడు అడిగింది. తొవ్వ పడ్డది. మీ చేతికి పడ్డది."

"ఇగ రాదామ్మా?" లచ్చమ్మ అడిగింది.

"వస్తది. జల్దీ వచ్చే కాలం పోయింది. మెల్లగ ఎంతొస్తదో అంత. గ్లాసు పట్టొచ్చు. అంగీ గుండీలు పెట్టుకోవచ్చు. వల..." అని ఆగి, సాయిలు వైపు చూసింది. సాయిలే తల ఊపాడు, ఆ మాట పూర్తి చేసే బరువు ఆమె మీద పెట్టకుండా.

ఆ ఎండాకాలం శామీర్‌పేట పోయాం. సాయిలు తన వలను తనే యాదగిరి చేతికిచ్చాడు. కట్టమీద నా పక్కనే కూర్చున్నాడు. యాదగిరి నీళ్లలోకి దిగి, తాడు చుట్టుకుని, అంచు పళ్లతో పట్టుకుని నడుము తిప్పాడు. నా పక్కన కూర్చున్నచోటే సాయిలు నడుము కూడా కొంచెం తిరిగింది. వల వంకరగా పడింది.

"ఎట్ల పడ్డది బావా?" అన్నాడు. కళ్ల ముందు పడ్డదాన్ని నన్ను అడగడమెందుకో.

"సక్కగనే పడ్డది," అన్నాను. ఇంకో అబద్ధం.

ఇంటికొచ్చాక శపథం చేశాను. ఆషామాషీగా కాదు. స్నానం చేసి, సోల్డరింగ్ ఐరన్‌ను దేవుడి పటం ముందు పెట్టి, లచ్చమ్మనూ గ్రేస్‌నూ సాక్షులుగా నిలబెట్టి, గొంతు సవరించుకుని చదివాను: "మేడ్చల్ ప్యారలల్ కనెక్షన్లకు పెద్దదిక్కునైన నేను, ఫోనుకిస్తాను, టీవీకిస్తాను, కావాలంటే కాలింగ్‌బెల్లుకిస్తాను. మనిషి చేతికి మాత్రం ఇక ప్యారలల్ ఇవ్వను. సాయిలు చేసుకోవలసిన పని ఇల్లు తగలబడుతున్నా నేను చెయ్యను." గ్రేస్ ఆమెన్ అంది. లచ్చమ్మ మొహం తిప్పుకుంది, నవ్వడానికో ఏడవడానికో తెలియలేదు.

ఆ శపథం నిలబెట్టుకోవడం ఎంత కష్టమో మొన్న తెలిసింది. యాదగిరి ఇంట్లో శుభకార్యం, శామీర్‌పేట పోవాలి. సాయిలు గుమ్మంలో నిలబడి కుడిచేత్తో అంగీ గుండీలు పెట్టుకుంటున్నాడు. గ్రేస్ హుకుం అది, ఎడమచెయ్యి కలపకూడదు, ఎవరూ సాయం పట్టకూడదు. వేళ్లు గుండీని పట్టుకుంటాయి, బొక్క దాకా తీసుకెళ్తాయి, అక్కడ వదిలేస్తాయి.

"బావా, పెట్టరాదు. బస్సు వోతాంది."

"పెట్ట."

"పై గుండీ ఒక్కటి."

"సచ్చినా పెట్ట."

"అక్కా! సూడే నీ మొగడు!"

"గంత పంతమేందయ్యా, ముసలోనితోటి!" లోపలినుంచి లచ్చమ్మ.

నేను వీధివైపు తిరిగి, చేతులు రెండూ వెనక్కి పెట్టి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. పట్టుకోకపోతే వాటంతటవే పోతాయి. బస్సు పోయింది. ఇంకోటి కూడా పోయింది. చివరికి వెనక నుంచి "ఐంది, పా," అన్నాడు. తిరిగి చూస్తే ఒక గుండీ తప్పు బొక్కలో పడి, అంగీ ఒక పక్క పైకీ ఒక పక్క కిందికీ లేచి ఉంది. ఆ మాట కూడా నేను చెప్పలేదు.

తర్వాతి బస్సులో మా పక్కన కూర్చున్న ఒక మంచి మనిషి సాయిలును చూసి జాలిపడ్డాడు. "పెద్దాయనా, గుండీలు తప్పుగ పెట్టిన్రు," అంటూ సర్దడానికి చెయ్యి చాపాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ముట్టకు," అన్నాను. "అవి ఆయన పెట్టుకున్నయ్."